కార్టూన్ లోకంలో కాలాన్ని, ఋతువులను ఎలా నడపాలి

పిల్లల కోసం ధారావాహికగా బొమ్మల కథలు గీసేవారు, చిన్న చిన్న యానిమేషన్ భాగాలు చేసేవారు పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: కథలో ప్రతి ఏడూ బతుకమ్మ వస్తుంటే, బతుకమ్మ ఆడే పిల్లకు మాత్రం ఎప్పుడూ పదేళ్లే ఎందుకుండాలి? దీనికి ఒక్క మాటలో చెప్పే జవాబు లేదు. కానీ మొదటి భాగం గీయకముందే ఒక క్యాలెండరు రాసి పెట్టుకున్నవారికి ఈ చిక్కు అసలు రాదు. ఇరవై భాగాలు గీసిన తరువాత మొదలుపెట్టినవారికి మాత్రం పాత భాగాలన్నీ తిరగేసే పని తప్పదు. ఓరుగల్లు ప్రాంతపు పల్లెను పోలిన ఒక కల్పిత ఊరిని ఉదాహరణగా తీసుకొని, ఆ క్యాలెండరును ఎలా తయారు చేయాలో వివరిస్తున్నాను. ఊరి పేరు గునుగుపల్లె, కథానాయిక పేరు లచ్చి, ఆమెకు ఒక తాత, ఒక కుక్కపిల్ల ఉన్నారనుకుందాం.

కావలసినవి

పొడవాటి గళ్ల పుస్తకం ఒకటి, లేదా కంప్యూటరులో ఎక్సెల్ పట్టిక. తిథులు, కార్తెలు రెండూ ఉన్న తెలుగు గోడ క్యాలెండరు. ఇప్పటికే గీసిన భాగాలు ఉంటే వాటి జాబితా. ఊరి పొలాలను, చెరువును వేర్వేరు నెలల్లో తీసిన ఫొటోలు. మీ దగ్గర లేకపోతే పాఖాల, రామప్ప, లక్నవరం చెరువుల్లో ఏదో ఒకదాని దగ్గరికి ఎండాకాలంలో ఒకసారి, వానలు ముదిరాక మరొకసారి వెళ్లి ఒకే చోట నిలబడి తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, వ్యవసాయం తెలిసిన పెద్దమనిషి ఒకరు మీకు అందుబాటులో ఉండాలి. ఎందుకో చివర చెబుతాను.

1. ముందుగా మీ లోకానికి ఏ గడియారం పెట్టాలో నిర్ణయించండి

కార్టూన్లలో కాలం నడిచే తీరు ప్రధానంగా నాలుగు విధాలు. మొదటిది ఆగిన కాలం: ఋతువు మారదు, వయసు మారదు. ‘ఫినియస్ అండ్ ఫెర్బ్’ కథ దాదాపుగా 104 రోజుల వేసవి సెలవుల్లోనే జరుగుతుంది. రెండవది తిరిగే కాలం: ఋతువులు, పండుగలు వస్తూ పోతూ ఉంటాయి గాని వయసులు కదలవు. జపానులో 1969 అక్టోబరు నుంచి ప్రసారమవుతున్న ‘సజాఎ సాన్’ ఇలాంటిదే. మూడవది జారే కాలం: పాత్రల వయసు అలాగే ఉంటుంది, వారి చుట్టూ ఉన్న ‘ఇప్పుడు’ మాత్రం ముందుకు జరుగుతూ ఉంటుంది. 1989లో ధారావాహికగా మొదలైన ‘ద సింప్సన్స్’లో బార్ట్‌కు అప్పుడూ పదేళ్లే, ఇప్పుడూ పదేళ్లే, కానీ అతని ఊళ్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. నాలుగవది పెరిగే కాలం: ‘గ్యాసోలిన్ ఆలీ’ అనే అమెరికా పత్రికా కార్టూనులో 1921లో గుమ్మం ముందు దొరికిన పసివాడు పాఠకులతో పాటే పెరిగి పెద్దవాడై ముసలివాడయ్యాడు.

కొత్తవారికి నేను తిరిగే కాలాన్నే సూచిస్తాను. పండుగలూ పంటలూ అన్నీ వాడుకోవచ్చు, వయసుల లెక్క ఉండదు. పెరిగే కాలం అందంగా ఉంటుంది గాని, ఏడాదికి కనీసం పది పన్నెండు భాగాలు ఆపకుండా చేయగలిగినవారికే అది సాధ్యం. మధ్యలో రెండేళ్లు ఆగితే లచ్చి ఎనిమిదో తరగతిలోకి ఎప్పుడు వెళ్లిందో మీకే అంతుపట్టదు.

హెచ్చరిక: ఒక లోకంలో రెండు గడియారాలు పెట్టవద్దు. లచ్చి పెరగకుండా కుక్కపిల్ల మాత్రం పెద్ద కుక్క అయిందంటే, చూసే పిల్లలు అన్నిటికంటే ముందు పట్టుకునేది అదే. నిర్ణయించిన గడియారాన్ని పుస్తకం మొదటి పేజీలో ఒక్క వాక్యంగా రాయండి.

2. రెండు వరుసల క్యాలెండరు గీయండి

ఈ పనంతటికీ ఆయువుపట్టు ఈ మెట్టే. మన దగ్గర రెండు లెక్కలు నడుస్తాయి. కార్తెలు సూర్యుణ్ని బట్టి వస్తాయి కనుక ఏటా ఇంచుమించు అదే తేదీకి వస్తాయి. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13 లేదా 14 రోజులు. పండుగల్లో ఎక్కువ భాగం తిథులను బట్టి వస్తాయి కనుక ముందుకూ వెనక్కూ జరుగుతాయి. విజయదశమి 2024లో అక్టోబరు 12న వస్తే, 2025లో అక్టోబరు 2నే వచ్చింది. అధిక జ్యేష్ఠం పడిన 2026లో అక్టోబరు 20కి జరిగింది. కాబట్టి పై వరుసలో కార్తెలు, పైరు పనులు, చెట్టు చేమలు రాయండి. కింది వరుసలో పండుగలు రాయండి. పై వరుసను ఎప్పుడూ కదపకండి. కింది వరుసను మాత్రం కథకు కావలసినట్టు రెండు మూడు వారాల లోపల జరుపుకోవచ్చు.

పై వరుస నింపేటప్పుడు ఈ కింది ఆనవాళ్లు ఉపయోగపడతాయి. మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది; రోళ్లు పగిలే ఎండ అదే. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, ఆనాడు ఇంటింటా చేపల కూర. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. తొలి వానలు పడ్డ ఎర్ర చెలకల్లో మఖమల్ గుడ్డ ముక్కలా ముద్దుగా కనిపించే ఆరుద్ర పురుగులను పిల్లలు అరచేతిలో పెట్టుకొని ఆడుకుంటారు. ఆ ఒక్క పురుగును గీస్తే చాలు, ‘వానాకాలం మొదలైంది’ అని ఎవరూ చెప్పనక్కరలేదు. పునర్వసు, పుష్యమి, ఆశ్లేషల్లో, అంటే జూలై నుంచి ఆగస్టు నడుమ దాకా, వరి నాట్లు సాగుతాయి. ఉత్తర, హస్త కార్తెల్లో గునుగు, తంగేడు పూస్తాయి. అక్టోబరు నుంచి పత్తి ఏరుతారు. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు. తరువాత యాసంగి (రబీ) నాట్లు. ఫిబ్రవరి, మార్చిలలో కల్లాల నిండా ఎర్రగా మిర్చి, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ దారిలో మిర్చి బస్తాల బండ్లు. అదే సమయంలో ఆకులేని కొమ్మల మీద మోదుగు పూలు, ఆ వెంటనే అడవిలో ఇప్పపూలు, మే నెలలో తునికాకు సేకరణ.

విదేశీ కార్టూన్లను చూసి గీసేవారు అక్టోబరులో ఆకులు పసుపెక్కి రాలుతున్నట్టు గీస్తుంటారు. మన దగ్గర అక్టోబరులో ఊరంతా పచ్చగా ఉంటుంది. వేప ఆకు రాల్చేది శిశిరంలో, ఫిబ్రవరి, మార్చి నడుమ; ఉగాది నాటికి మళ్లీ చిగురించి పూతకొస్తుంది. ములుగు అడవుల్లోని టేకు నిండు ఎండాకాలంలో మోడుగా నిలబడి, వానలు పడ్డాక ఆకు వేస్తుంది. అంటే మన లోకంలో మోడు చెట్టు చలికి గుర్తు కాదు, ఎండకు గుర్తు. చలిని చూపించాలంటే తెల్లవారుజామున పొలాల మీద పొగమంచు, వాకిట్లో చలిమంట, తాత భుజాల మీద గొంగడి చాలు.

ప్రత్యామ్నాయం: మీ లోకం పూర్తిగా ఊహాలోకమైతే, మేఘాలు మాట్లాడే రాజ్యమైనా సరే, ఈ పట్టికనే వాడుకొని పేర్లు మాత్రం మార్చండి. ఒక ఋతువు నుంచి మరొక దానికి కారణంతో సాగే వరుస ఉన్నప్పుడే ఊహాలోకమైనా నమ్మబుద్ధవుతుంది.

3. ఒకే చోటును కాలానికి గుర్తుగా పెట్టుకోండి

ప్రతి భాగంలోనూ కనిపించే ఒక చోటును ఎంచుకొని, దాన్నే ఏడాది పొడవునా మార్చండి. గునుగుపల్లెకు నేను చెరువును ఎంచుకుంటాను. ఒకే కోణంలో, కట్ట మీద చింతచెట్టు ఎడమ వైపు, తూము కుడి వైపు ఉండేటట్టు ఆరు నేపథ్య చిత్రాలు గీయండి.

మొదటిది జూలై: అడుగున కొద్దిపాటి ఎర్రనీళ్లు, కొత్త గడ్డి. రెండవది ఆగస్టు చివర: నిండు చెరువు, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే అలుగు) మీంచి తెల్లటి నురగ. మూడవది అక్టోబరు, నవంబరు: నీరు తేటబడుతుంది, తామరలు, కట్ట కింద పండిన వరి. నాలుగవది జనవరి: పొగమంచు, నీటి అంచు కొంచెం వెనక్కి, ఆయకట్టులో లేత యాసంగి నాట్లు. అయిదవది మార్చి: తూము రాళ్లు సగం బయటపడతాయి, ఒడ్డున బర్రెల గిట్టల గుర్తులు. ఆరవది మే: పగుళ్లిచ్చిన అడుగు, ఒండ్రుమట్టి ఎత్తుకుపోయే ట్రాక్టర్లు.

తూముకు ఎన్ని రాళ్లున్నాయో లెక్కపెట్టి, ఒక్కో చిత్రంలో ఎన్ని కనబడాలో పట్టికలో రాసుకోండి. ఉదాహరణకు మొత్తం తొమ్మిది రాళ్లయితే ఆగస్టులో ఒకటి, జనవరిలో మూడు, మార్చిలో అయిదు, మేలో తొమ్మిది. ఇంత పట్టింపు దేనికని కొందరు విసుక్కుంటారు. ఒక భాగాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి గీసేటప్పుడు ఈ అంకే మీ అందరినీ ఒక తాటి మీద ఉంచుతుంది. ఇక పాత్రల చేత తేదీ చెప్పించాల్సిన అవసరమే ఉండదు. లచ్చి పరుగున వచ్చి, ‘తాతా, చెర్వు మత్తడి దుంకుతాంది!’ అంటే, అది ఏ నెలో చూసేవారికి తెలిసిపోతుంది.

వాన పడని ఏడును కూడా చూపించవచ్చు. కానీ అప్పుడు చెరువు నిండని ఫలితం తరువాతి భాగాల్లోనూ కనిపించాలి: యాసంగి సాగు తగ్గాలి, మే నెలలో రావాల్సిన పగుళ్లు మార్చికే రావాలి.

4. నీడలను, చంద్రుణ్ని సరిచూసుకోండి

వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరొకసారి, మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఎండాకాలపు మధ్యాహ్నపు దృశ్యంలో మనిషి నీడ కాళ్ల దగ్గరే ముద్దగా పడాలి. డిసెంబరు మధ్యాహ్నం ఉత్తరం వైపు బాగా సాగాలి. పగటి పొడవు జూన్‌లో 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో సుమారు 11 గంటలు. బడి నుంచి సాయంత్రం వచ్చే పిల్లల దృశ్యంలో ఈ తేడా ఆకాశపు రంగులో తెలియాలి.

చంద్రుడి విషయంలో తప్పు చేయనివారు అరుదు. రాత్రి అనగానే వెనుక ఒక పున్నమి చంద్రుణ్ని పెట్టేస్తారు. బతుకమ్మ దృశ్యంలో పున్నమి చంద్రుడు ఉండటానికి వీలులేదు. మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు. ఆకాశంలో చంద్రుడే ఉండడు. చివరి రోజైన సద్దుల బతుకమ్మ ఇంచుమించు అష్టమి నాడు. చీకటి పడేసరికి అర్ధచంద్రుడు పైన ఉండి, నడిరేయి ప్రాంతంలో అస్తమిస్తాడు. దీపావళికి చంద్రుడు లేడు. కాముని పున్నానికి (హోలీకి) నిండు చంద్రుడు సరైనదే. నెలవంకను సాయంత్రం గీస్తే పడమట, తెల్లవారుజామున గీస్తే తూర్పున ఉంచండి.

5. పండుగలను జాగ్రత్తగా ఎంచుకోండి

తిరిగే కాలంలో ఏటా వచ్చే పండుగలు ఇబ్బంది పెట్టవు. రెండు మాత్రం చిక్కు తెస్తాయి.

మొదటిది మేడారం జాతర. సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి సమయంలో వస్తుంది. 2022, 2024, 2026లలో జరిగింది. మీ కథలో జాతర రెండుసార్లు వచ్చిందంటే రెండేళ్లు గడిచినట్టే లెక్క, మన ప్రాంతపు పిల్లలు ఈ లెక్క కచ్చితంగా వేస్తారు. కాబట్టి వయసు పెరగని లోకంలో పెద్ద జాతరను ఒక్కసారే చూపండి. లేదా నడుమ ఏడాదిలో మాఘంలోనే జరిగే చిన్న జాతరను వాడుకోండి. చూపినప్పుడు క్రమం తప్పవద్దు: సారలమ్మ గద్దెకు చేరిన మరునాడు చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది, మొక్కులుగా బెల్లం ‘బంగారం’ సమర్పిస్తారు, నాలుగో రోజు తల్లుల వనప్రవేశం. కథకు అలంకారంగా ఒక్క ఫ్రేములో దూర్చేకంటే అసలు చూపకపోవడమే మేలు.

రెండవది పీరీల పండుగ (మొహర్రం). హిజ్రీ క్యాలెండరు పూర్తిగా చంద్రుణ్ని బట్టి నడుస్తుంది కనుక ఇది ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. పీరీల అలావను (నిప్పుల గుండాన్ని) సంక్రాంతి పక్కన గీస్తే అది ఒక కాలాన్ని, నాట్ల పక్కన గీస్తే మరొక కాలాన్ని సూచిస్తుంది. ఒకసారి ఏ ఋతువులో చూపారో అదే ఋతువులో ఉంచండి.

6. వయసు, బడి, మాటలు

తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. వయసు పెరగని లచ్చికి కొత్త పుస్తకాలు, కొత్త సంచి చూపవచ్చు. తరగతి గది తలుపు మీద అంకె మాత్రం రాయవద్దు. పుట్టినరోజు జరపవచ్చు గాని ఎన్నో పుట్టినరోజో చెప్పవద్దు. ‘పోయినేడు’, ‘వచ్చే ఏడు’ అన్న మాటలను సంభాషణల్లోంచి తీసేసి, ‘మొన్నటి వానలకు’, ‘పత్తి ఏరేటప్పుడు’ వంటివి పెట్టండి. తాత కూడా పనిని బట్టే గుర్తుచేసుకుంటాడు: ‘గా మిర్చి ఏరే దినాలల్ల గిట్లనే వానొచ్చింది బిడ్డా.’

తాతల గతమే జారే కాలానికి పెద్ద గండం. ‘ద సింప్సన్స్’లో తాత రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడినవాడు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ లెక్క కుదరడం కష్టమవుతూ వచ్చింది. మన తాతను 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో దళ సభ్యుడిగా పెడితే, 2026లో అతనికి తొంభై ఏళ్లకు తక్కువ ఉండటం కష్టం. అంతటి చరిత్ర కావాలనుకుంటే దాన్ని తాతకు కాక, తాత చెప్పే కథలోని ముత్తాతకు అప్పగించండి.

7. ఏడాదిని బయటపెట్టే వస్తువులను వడకట్టండి

గోడ మీద, బండి మీద, బోర్డు మీద రాసిన అక్షరాలు మీ లోకానికి తెలియకుండానే తేదీ వేస్తాయి. వాహనం నంబరు ఏపీ 36 అని ఉంటే పాత కాలం. టీఎస్ అంటే 2014 తరువాత. టీజీ అంటే 2024 మార్చి తరువాత రిజిస్టరైనది. జిల్లా పేరు కూడా అంతే: ములుగు జిల్లా 2019లో ఏర్పడింది, హనుమకొండ జిల్లా ఆ పేరుతో కనిపించేది 2021 నుంచి. తిరిగే కాలంలో ఇవేవీ గీయకండి. బస్సు మీద ఊరి పేరు చాలు. జారే కాలంలో అయితే వీటిని ధైర్యంగా మార్చవచ్చు, కానీ మార్చిన భాగం సంఖ్యను పట్టికలో రాసుకోండి.

8. ఒక భాగంలోనే కాలం గడిచినట్టు చూపడం

క్యాలెండరు కాగితాలు గాలికి ఎగిరిపోవడం, గడియారపు ముల్లు గిర్రున తిరగడం బాగా అరిగిపోయాయి. మూడో మెట్టులో గీసిన చెరువు చిత్రాలను వాడండి. జూలై, ఆగస్టు, అక్టోబరు చిత్రాలను ఒకదాని మీద మరొకటి కరిగిపోయేటట్టు వేయండి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్కో చిత్రానికి కనీసం 48 ఫ్రేములు ఇవ్వండి, లేకపోతే చిన్నపిల్లల కన్నుకు అందదు. మాటలు వద్దు. శబ్దం మారితే చాలు: కప్పల బెకబెక, ఆ తరువాత మత్తడి హోరు, ఆ తరువాత కోత మిషను మోత. అచ్చులో వచ్చే బొమ్మల కథలో ఇదే పనిని ఒకే వెడల్పు ఉన్న మూడు గడులతో చేయవచ్చు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

ఒకే భాగంలో వరినాట్లు, మామిడిపండ్లు కలిపి గీయడం తరచుగా కనిపిస్తుంది. మంచి మామిడి ఏప్రిల్ నుంచి జూన్ వరకే, నాట్లు దిగేసరికి దాదాపు అయిపోతుంది. సీతాఫలం బతుకమ్మ, దసరాల చుట్టుపక్కల వస్తుంది, దాన్ని సంక్రాంతికి పెడుతుంటారు. వాన దృశ్యంలో అందరినీ గొడుగులతోనే గీస్తుంటారు. నిజానికి నాటు వేసే ఆడవాళ్లు ప్లాస్టిక్ కవరు కప్పుకుంటారు. ఇంకొకటి, రాత్రి నుంచి పగటికి మారినప్పుడు బట్టలు మారవు. కార్టూనులో ఒకే బట్టలు ఉండటం ఆచారమే గాని, చలికాలంలో స్వెట్టరు వేసి మరుసటి దృశ్యంలో తీసేస్తే అది ఆచారం కాదు, మరుపు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

మొదట శబ్దం తీసేసి భాగాన్ని చూడండి. ఏ నెలో తెలియకపోతే నేపథ్యం పని చేయడం లేదని అర్థం. తరువాత ఒక్కో భాగం నుంచి ఒక్కో నిశ్చల చిత్రం తీసి, పేర్లు లేకుండా కలిపేసి, మొదట్లో చెప్పిన వ్యవసాయం తెలిసిన పెద్దమనిషి ముందు పెట్టండి. ‘ఇది ఏ కార్తె?’ అని అడగండి. ఒకటి రెండు కార్తెల తేడాతో చెప్పగలిగితే మీ పట్టిక సరైనదే. రెండు నెలలకు మించి తేడా వస్తే, ఏ వస్తువును చూసి అలా అనుకున్నారో అడిగి, ఆ వస్తువునే సరిచేయండి. మొత్తం చిత్రాన్ని మార్చనక్కరలేదు.

ఆ తరువాత పదేళ్ల పిల్లలు ఇద్దరికి భాగాలను తారుమారు చేసి చూపండి. తిరిగే కాలమైతే ఏ వరుసలో చూసినా వారికి సందేహం రాకూడదు. ‘గప్పుడు పెద్దగున్న కుక్క ఇప్పుడు చిన్నగెట్లయింది?’ అని అడిగారంటే ఎక్కడో రెండో గడియారం దూరిందన్నమాట.

ఇప్పటికే బయటికి వెళ్లిన భాగంలో తప్పు దొరికితే, మార్చగలిగిన చోట నేపథ్యాన్ని మాత్రం మార్చి మళ్లీ పెట్టండి. మార్చలేకపోతే దాన్ని సమర్థించడానికి కొత్త కథ అల్లకండి. పట్టికలో ఆ భాగానికి ఎదురుగా ఎర్ర గుర్తు పెట్టి, అందులోని సంఘటనను ముందు ముందు ఏ పాత్ర చేతా ప్రస్తావించకుండా చూడండి.